ఆటలో అరటిపండు కాదు, ఆటగాడు

(ఏలూరులో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామ పెద్దలు పాల్గొనిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



 నేడు మేము పిల్లల ఆటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిమి. ఆటలను గూర్చి ఇంత సమావేశమెందులకని మీలో కొందరు అనుకొనవచ్చును. పిల్లవాని బ్రతుకులో ఆటకు గల స్థానమెట్టిదో, ఆట దక్కని పిల్లవానిని చూచినప్పుడు గాని మనకు తెలియదు.

సాయంకాలము బడి విడిచిన పిమ్మట మన పల్లెలలో ఏమి జరుగునో మీరెరుగుదురు. రామాలయము ముందరనో, కోతలైన చేలోనో, చెరువుగట్టు మీదనో పిల్లలు చేరుదురు. పంటలు వేసికొందురు. రెండు జట్లుగా విడిపోవుదురు. క్షణములో కేకలు మొదలగును. ఆ గుంపునకు పదిగజముల దూరమున ఒక పిల్లవాడు నిలిచియుండును. వయస్సు పదేండ్లు, మాట నాలుగేండ్ల పిల్లవానిది. నడక కొంచెము తడబడును. బంతి తనవైపు దొర్లినచో దానిని తెచ్చి ఇచ్చును. మరల వెనుకకు పోయి తన చోట నిలుచును. అతనిని పిలుచువారు లేరు. పిల్లలు దయగలవారైనచో పిలుతురు. కాని, "వాడు ఆటలో అరటిపండురా" అని చెప్పి పిలుతురు.

అరటిపండు అనగా ఏమి? అతడు ఆటలో ఉన్నట్లే కనిపించును గాని లెక్కలో ఉండడు. అతనిని ముట్టినను అతడు ఔటు కాడు. అతడు ముట్టినను ఎవరును ఔటు కారు. పసివాడైన తమ్మునికి ఇది మంచి ఏర్పాటే. రెండేండ్లు గడచునప్పటికి ఆ తమ్ముడు అరటిపండు కాక అసలైన ఆటగాడగును. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డ మాత్రము పదేండ్లకును అరటిపండే, పదునైదేండ్లకును అరటిపండే. మేము నేడు చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో ఉన్నది: ఆ బిడ్డను ఆటలోనికి తీసికొనుట చాలదు, లెక్కలోనికి తీసికొనవలెను.

ఎవరీ పిల్లలు?

బిడ్డ ఎదుగుదలకు ఒక క్రమము కలదు. నాలుగు నెలలకు మెడ నిలుపును. తొమ్మిది నెలలు నిండునప్పటికి ఆసరా లేకుండ కూర్చుండును. ఏడాది వచ్చు వేళకు అడుగులు వేయును. కొందరు కొంచెము ముందు, కొందరు కొంచెము వెనుక. కాని 18 నెలలు నిండినను నడువకున్నను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకకున్నను, పేరు పెట్టి పిలిచినప్పుడు తిరిగి చూడకున్నను ఆ బిడ్డను తప్పక వైద్యునికి చూపవలెను. "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయండి" అని సరిపెట్టుకొని కాలము గడుపరాదు.

ఈ ఆలస్యమునకు కారణములు పెక్కు. పుట్టునప్పుడు ప్రాణవాయువు చాలకపోవుట ఒకటి. డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు కారణములు కొన్ని. పుట్టుకతో వచ్చిన థైరాయిడ్ లోపమును సకాలములో గుర్తింపకపోవుట, పసితనమున మెదడుకు జ్వరము సోకుట మరికొన్ని. ఎంత వెదకినను కారణము తెలియని సందర్భములును కలవు. కాని ఇది తల్లి చేసిన పాపము వలన వచ్చినది కాదు. గ్రహణమునాడు కత్తిపీట ముట్టుట వలన వచ్చినదియు కాదు, ఎవరి దిష్టియు కాదు. అంటువ్యాధి అంతకంటె కాదు. కలిసి ఆడినందువలన, ఒకే కుండలో నీరు త్రాగినందువలన ఇది మరియొక బిడ్డకు సోకదు.

ఇట్టి బిడ్డలను పసితనముననే గుర్తించుటకు 2013వ సంవత్సరమున రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము మన దేశమున ప్రారంభమైనది. పుట్టుకతో వచ్చు లోపములు, పోషక లోపములు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యము అను నాలుగింటిని పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు పరీక్షించుట దాని పని. వైద్య బృందములు అంగన్‌వాడీ కేంద్రములకు ఏడాదికి రెండుసార్లు, పాఠశాలలకు ఒకసారి వచ్చి చూడవలెనని అందు ఏర్పాటు కలదు. ఆ బృందము వచ్చు దినమున మీ వీధిలోని బిడ్డను దాచవలదు, ముందుగా చూపుడు. వెనుక వచ్చు నడక, వెనుక వచ్చు మాట తగిన శిక్షణతో ఎంతయో మెరుగుపడును.

ఇంటిలో చేయించు వ్యాయామము కండలకు బలమిచ్చును. కాని జట్టుతో ఆడు ఆట అంతకంటె ఎక్కువ నేర్పును. తన వంతు వచ్చువరకు ఆగుట నేర్పును. ఎదుటివాని ముఖము చూచి అతని ఉద్దేశమును గ్రహించుట నేర్పును. పేరు పిలిచినప్పుడు పలుకుట నేర్పును. ఓడిపోయి మరుదినము మరల వచ్చుట నేర్పును. ఇవి గది నాలుగు గోడలనడుమ నేర్పుట కష్టము. ఇదియుగాక, ఆటలో కుదిరిన స్నేహము బడిలోనికిని, బడినుండి వీధిలోనికిని నడచి వచ్చును.

మేము చేసిన పొరపాటు

ఈ సంగతి మేమును మొదట తెలిసినవారము కాము. ఏలూరుకు దక్షిణమున, కొల్లేటి అంచున ఒక గ్రామమున బడిపండుగ జరుగుచుండగా చెడుగుడు పోటీ పెట్టితిమి. ఆ బడిలో పదకొండేండ్ల పిల్లవాడొకడు ఉండెను. మూడేండ్ల తరువాత నడక వచ్చిన బిడ్డ, మాటలు కొద్ది. అతనిని కూడ ఆడింపవలెనని మాకు ఉత్సాహము కలిగెను. ఎదుటి జట్టు పిల్లలను ప్రక్కకు పిలిచి, "వాడు కూతకు వచ్చినప్పుడు ఎవరును పట్టవద్దు, ముట్టనిచ్చి వదలివేయండి" అని రహస్యముగా చెప్పితిమి. ఆ పిల్లవాడు కూత పెట్టుచు వెళ్లెను, ముగ్గురిని ముట్టెను, తిరిగి వచ్చెను. ఊరంతయు చప్పట్లు కొట్టెను. మేము పొంగిపోతిమి.

అతడు మాత్రము నవ్వలేదు. మావద్దకు వచ్చి, "మాస్టారూ, లెక్కేనాండీ?" అని అడిగెను. లెక్కేనని మేము తలయూపితిమి. అతడు బడిగోడవైపు చూచెను. అచట సుద్దముక్కతో జట్లకు వచ్చిన పాయింట్లను గీతలుగా గీయుచుండిరి. అతనికి పది దాటి లెక్కించుట రాదు. ఐనను తన జట్టు గీతలు పెరుగలేదని అతనికి తెలిసినది. అతడు ముట్టిన ముగ్గురును ఔటు కాక గీత లోపలనే నిలిచి ఉండుటయు అతడు చూచినాడు. మరల ఏమియు అడుగక పోయి గట్టు మీద కూర్చుండెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము ఆ బిడ్డకు గెలుపు ఇచ్చితిమనుకొంటిమి, ఇచ్చినది అరటిపండు. జాలితో ఆడించిన ఆట ఆట కాదు. దానిని తెలివిగలవారు కనిపెట్టుదురనియు, ఎదుగుదల ఆలస్యమైనవారు కనిపెట్టలేరనియు మనమనుకొందుము. అది పొరపాటు. లెక్క రానివానికి కూడ తాను లెక్కలో లేనని తెలియును.

లోకములో జరిగిన కృషి

ఈ విషయమున లోకమున ఎంతయో కృషి జరిగినది. అమెరికా దేశమున యూనిస్ కెన్నడీ శ్రైవర్ అను మహిళకు రోజ్‌మేరీ అను అక్క ఉండెను. ఆ అక్కకు మేధో వైకల్యము. ఇట్టివారికి ఆటపాటలు లేకుండుట చూచి ఆమె 1962లో మేరీలాండ్ రాష్ట్రములోని తన ఇంటి పెరటిలోనే పిల్లలకు వేసవి శిబిరము నడిపినది. అందులో ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఆ పిల్లలకు తోడుగా నిలిచిరి. ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై, 1968 జూలై 20న చికాగో నగరమున మొదటి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలుగా రూపొందినది. ఒక పెరటిలో మొదలైన పని అది. మన పల్లెలలో పెరడు లేని ఊరు ఏది?

తరువాత 1980 దశకము చివర ఆ సంస్థవారు మరియొక అడుగు వేసిరి. వికలాంగులు ఒక చోట, ఇతరులు మరియొక చోట ఆడుట ఎందులకు, ఇరువురను ఒకే జట్టులో ఏల ఆడింపరాదు అని ఆలోచించి యూనిఫైడ్ క్రీడలను ప్రారంభించిరి. వాటి నియమములను గమనింపుడు. బాస్కెట్‌బాల్‌లో ఐదుగురు ఆడుచుండగా మేధో వైకల్యము గలవారు ముగ్గురు, తోడు ఆటగాండ్రు ఇద్దరు. ఆరుగురు ఆడు వాలీబాల్‌లో ముగ్గురు, ముగ్గురు. తోడు ఆటగాండ్రు ఎప్పుడును ఎక్కువ కారాదు. వయస్సులోను, నేర్పులోను ఒకరికొకరు దగ్గరగా ఉండునట్లు జట్టును కూర్పవలెను. తోడు ఆటగాడు ఆటనంతయు తానే ఆడివేయరాదు. ఇందు అరటిపండ్లకు చోటు లేదు, అందరును లెక్కలోనివారే.

మన దేశమున ఈ పనిని స్పెషల్ ఒలింపిక్స్ భారత్ నిర్వహించుచున్నది. 2023 జూన్ నెలలో బెర్లిన్ నగరమున జరిగిన ప్రపంచ క్రీడలలో మన దేశపు ఆటగాండ్రు 202 పతకములు తెచ్చిరి. వానిలో 76 బంగారు పతకములు.

అంత దూరమెందులకు, మన తెలుగు బిడ్డనే చూడుడు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున కూలిపని చేసికొను దంపతులకు జీవాంజి దీప్తి జన్మించినది. ఊరివారిలో కొందరు ఆమెను చూచి ఎగతాళి చేసిరి. తలిదండ్రులకు నొప్పి కలుగునట్లు మాటలాడిరి. ఆమె పరుగును గుర్తించినవారు వేరే ఉండిరి. హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్ద ఆమె శిక్షణ పొందినది. 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలో 400 మీటర్ల పరుగును 55.07 సెకనులలో ముగించి ఆమె తన తరగతిలో అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకము గెలిచినది.

ప్రతి బిడ్డయు దీప్తి కావలెనని మేము చెప్పుట లేదు. ఇతర పిల్లలందరును పతకములు తెచ్చుచున్నారా? వారు ఆడుట మానుచున్నారా? మేము చెప్పునది ఇంతే: పరుగెత్తనిచ్చినప్పుడు గాని ఆ బిడ్డ పరుగెంతటిదో ఊరికి తెలియలేదు.

అందరకును ఒకే నియమము

మరి ఆటను ఎట్లు మార్చవలెను? మొదట గుర్తుంచుకొనవలసిన సూత్రమొకటి కలదు. ఒక బిడ్డకొరకు ప్రత్యేక నియమము పెట్టవలదు. నియమమును అందరకును మార్చుడు. ఒక్కనికే పెట్టిన నియమము జాలి. అందరకును పెట్టిన నియమము ఆట.

ఆ తరువాత నాలుగు విషయములను మార్చుకొనవచ్చును: స్థలము, పని, పరికరము, మనుష్యులు.

స్థలమును గూర్చి చెప్పుదుము. తాడేపల్లిగూడెమునకు ఎగువనున్న మెట్టలో విశాలమైన బయలు దొరకును. అచటి చిక్కు వేరు: బయలు మరీ పెద్దదైనచో ఈ బిడ్డలు దారి తప్పుదురు. కావున ముగ్గుతోనో, సున్నముతోనో హద్దులు స్పష్టముగా గీయుడు. కొల్లేటి లంకలలో ఇందుకు వ్యతిరేకము. అచట నేల కరువు. ఎటు చూచినను నీరే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవువరకు వానకాలమున ఆటస్థలములు నానుచునే ఉండును. అట్టి చోట జట్టునకు నలుగురో ఐదుగురో ఆడు చిన్న ఆటలు మేలు. బడి వసారా, కళ్ళము చాలును.

పని అనగా ఆటలో చేయవలసినది. వాలీబాల్‌లో బంతిని ఒకసారి నేల తాకనిచ్చి కొట్టవచ్చునని నియమము పెట్టుడు. ముగ్గురు వేర్వేరు ఆటగాండ్రు ముట్టిన పిమ్మటనే బంతి వల దాటవలెనని మరియొక నియమము చేర్చుడు. అప్పుడు నేర్పరి ఒక్కడే ఆడుటకు వీలుండదు. వానికి తన ప్రక్కవాడు కావలసివచ్చును.

పరికరమును మార్చుట సులభము. బరువు బంతికి బదులు తేలిక బంతి, ఎత్తు వలకు బదులు భుజములెత్తున కట్టిన త్రాడు. ఏడుపెంకులాటలో పెంకులకు మారు కొబ్బరిచిప్పలు బోర్లించి పేర్చినచో వ్రేళ్ళలో పట్టు తక్కువైన బిడ్డ కూడ పేర్చగలడు. గుడ్డబంతి తగిలినను దెబ్బ ఉండదు. వీనికి పెట్టుబడి ఏమియు లేదు.

చెడుగుడులో పట్టుట, పడవేయుట ఈ బిడ్డలకు అపాయకరము. దీనికి మేము ఒక ఉపాయము చేసితిమి. ఇరుజట్లలోను ప్రతి ఆటగాడును నడుమున ఒక గుడ్డముక్కను దోపుకొనును. గుడ్డ ఊడినవాడు ఔటు. పట్టు లేదు, త్రోపు లేదు. కూత, గీత, ఔటు, మరల బ్రతుకుట అన్నియు యథాప్రకారము ఉండును. ఈ నియమము వచ్చిన తరువాత అంతకు ముందు చెడుగుడుకు భయపడు ఆడపిల్లలు, సన్ననిపిల్లలు కూడ బరిలోనికి వచ్చిరి. ఒక బిడ్డకొరకు వెదకిన దారిలో పదిమంది నడిచిరి.

ఇక మనుష్యులు. ప్రతి బిడ్డకును ఒక తోడు ఆటగానిని ఏర్పరుపుడు. తోడు ఆటగాడు కాపలాదారు కాదు, సేవకుడు కాదు, స్నేహితుడు. అతనికి ఒక్క మాట చెప్పవలెను: "చేయి పట్టుకొని ఈడ్వవద్దు, పేరు పెట్టి పిలువు." మాటలు త్వరగా అందని బిడ్డకు నియమమును నోటితో పదిసార్లు చెప్పుట కంటె ఒకసారి ఆడి చూపుట మేలు. ఒకేసారి ఒకే సంగతి నేర్పుడు. ఈల మ్రోతకు చెవులు మూసికొను పిల్లలును కలరు. అట్టివారున్నచోట ఈలకు మారు రంగుగుడ్డ ఊపుడు.

మరువరాని జాగ్రత్తలు

ఆట మంచిదని జాగ్రత్తలు విడువరాదు. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలలో పలువురకు గుండెలో లోపముండును. కొందరకు మెడ ఎముకల కీలు వదులుగా ఉండును. కావున వైద్యుని సలహా లేకుండ వారిచేత పల్టీలు కొట్టించుట, తలతో బంతిని కొట్టించుట తగదు. మూర్ఛ గల బిడ్డలకు మందు ఒక పూట కూడ తప్పరాదు. ఆటలో మూర్ఛ వచ్చినచో బిడ్డను ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, చుట్టునున్న రాళ్ళు రప్పలు తొలగించి, గాలి ఆడనీయుడు. చేతిలో తాళపుచెవులు, ఇనుపముక్కలు పెట్టవలదు. నోటిలో చెంచా దూర్పవలదు, నీరు పోయవలదు. ఐదు నిమిషములకును తగ్గనిచో వెంటనే 108 వాహనమును పిలువుడు.

కొల్లేటి ప్రాంతమున అన్నింటికంటె పెద్ద అపాయము నీరు. ఇచట చేపల చెరువు లేని ఊరు లేదు. ఒక లంకలో ఒక తల్లి చేపల చెరువు పనికి పోవుచు బిడ్డను పాత చీరతో మంచమునకు కట్టి పోవుట మేము చూచితిమి. ఆమెను తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. "నాకేం ఆశ లేదండి. నేనొచ్చేదాకా వాడు నీళ్ళలో పడకుండా ఉంటే చాలండి" అని ఆమె చెప్పినది. ఆ తల్లి కట్టిన ముడిని ఊరు విప్పవలెను. నీటికి దూరముగా ఒక చోటు చూచి, నీటివైపున దడి కట్టి, ఆట జరుగునంతసేపును ఒక పెద్దమనిషి ఆ వైపున నిలుచున్నచో ఆ బిడ్డకు దినమునకు ఒక గంట స్వేచ్ఛ దొరకును. అంతకంటె పెద్ద ఖర్చు ఏదియు ఇందులో లేదు.

రెండు సందేహములు

"ఇట్టివారిని చేర్చుకొన్నచో మా జట్టు ఓడిపోవును" అని ఉపాధ్యాయులు కొందరు అందురు. మండల పోటీలకు పంపు జట్టును నేర్పునుబట్టియే ఎన్నుకొనుడు. దానిని మేము కాదనము. కాని బడిలో ఆటల గంట పోటీ జట్టుది మాత్రమే కాదు, బడిలోని ప్రతి బిడ్డదియు. గ్రామోత్సవములలో, బడిపండుగలలో ఒక్క ఆటయైనను ఇట్టి కలగలుపు జట్ల నడుమ జరుపుడు. ప్రేక్షకులు తక్కువ కారు.

"మా పిల్లవాడు వారితో ఆడి వెనుకబడునేమో" అని తలిదండ్రులు కొందరు శంకింతురు. మేము చూచినది దీనికి వ్యతిరేకము. తోడు ఆటగాడైన పిల్లవాడు ఓర్పు నేర్చును, తేటగా మాటలాడుట నేర్చును, జట్టును నడుపుట నేర్చును. వెక్కిరించు నోరు ఒకే జట్టులో ఆడిన తరువాత వెక్కిరింపదు. తన జట్టువానిని మరియొకడు వెక్కిరించినచో ఊరుకొనదు కూడ.

గ్రామము చేయవలసిన పని

ఇది దయాదాక్షిణ్యముల విషయము మాత్రమే కాదు, హక్కు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది. ఈ బిడ్డలను భేదము చూపక చేర్చుకొని, చదువుతోపాటు ఆటలలోను ఇతరులతో సమానముగా అవకాశమీయవలెనని విద్యాసంస్థలకు దాని 16వ విభాగము చెప్పుచున్నది. క్రీడలలో వికలాంగులు పాల్గొనునట్లు ప్రభుత్వము చేయవలసిన పనులను 30వ విభాగము నిర్దేశించినది. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్షలో ఆట సామగ్రి కొరకు ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000 రూపాయలు, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు కేటాయింపు ఏర్పరచిరి. ఆ సామగ్రి కొనునప్పుడు రెండు తేలిక బంతులను కూడ ఆ పట్టికలో వ్రాయుడు. మండల భవిత కేంద్రములలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కలరు. ఏ బిడ్డకు ఏ ఆట తగునో వారిని అడిగి తెలిసికొనుడు. అధిక విజ్ఞానము కావలసినవారికి సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ మేధో వికలాంగుల సంస్థ ఉన్నది.

పింఛనునకు సదరం ధ్రువపత్రము కావలెను. ఆటకు ఏ పత్రమును అక్కరలేదు.

కావున ఈ సమావేశమునుండి ఇండ్లకు వెళ్ళిన పిమ్మట మూడు పనులు చేయవలసినదిగా కోరుచున్నాము. మొదటిది, మీ ఊరిలో గట్టు మీద నిలిచి చూచు బిడ్డలెందరో, ఇంటినుండి బయటికి రాని బిడ్డలెందరో పేర్లతో సహా తెలిసికొనుడు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఈ సంగతి అందరికంటె బాగుగ తెలియును. రెండవది, వారములో రెండు సాయంకాలములు కలగలుపు ఆటకు కేటాయింపుడు. ఆ ఆటలో ఒక పెద్దవారు దగ్గర నిలువవలెను. మూడవది, పాయింట్లు గోడపై గీయునప్పుడు ప్రతి బిడ్డ చేసినదియు గీయుడు. ఔటైనవారిని ఔటుగానే పరిగణింపుడు.

ఈ చివరి మాట మీకు వింతగా తోచవచ్చును. అందుచేత ఆ పదకొండేండ్ల పిల్లవాని కథ ముగించి సెలవు తీసికొందుము.

గుడ్డముక్కల చెడుగుడు మొదలుపెట్టిన కొన్ని నెలలకు అదే ఊరిలో మరల ఆట జరిగినది. ఈసారి మేము ఎవరికిని రహస్యముగా ఏమియు చెప్పలేదు. ఎదుటి జట్టునుండి ఒక బాలిక కూత పెట్టుచు వచ్చి, మెరుపువలె మన పిల్లవాని నడుమునుండి గుడ్డ లాగుకొని పోయినది. ఔటు! అతడు ఒక్క క్షణము తన నడుము తడిమి చూచుకొనెను. తరువాత రెండు చేతులెత్తి, "అమ్మా, నేను ఔటు! నేను ఔటు!" అని ఊరంతయు వినునట్లు అరచెను. పోయి ఔటైనవారి వరుసలో, అందరికంటె ముందర, నిటారుగా నిలుచుండెను. గుంపులో ఉన్న అతని తల్లి కొంగుతో కన్నులొత్తుకొనెను. బిడ్డ ఓడినందులకు ఆనందపడిన తల్లిని మేము చూచుట అదే మొదటిసారి. అరటిపండు ఎన్నడును ఔటు కాదు. ఔటైనవాడు ఆటగాడు.

చెడుగుడులో ఒక గొప్ప నియమమున్నది. మన జట్టువాడు ఎదుటివానిని ఔటు చేసినచో మనలో ముందుగా ఔటైనవాడు బ్రతికి వచ్చును. అతని తోడు ఆటగాడు కూతకు పోయి ఒక గుడ్డ లాగుకొని వచ్చెను. వచ్చుచునే వెనుదిరిగి, "రారా, నువ్వు బతికావు" అని పేరు పెట్టి పిలిచెను. గోడ మీద ఒక గీత పెరిగినది. ఆ పిల్లవాడు దానిని చూచి, తన గుడ్డను తీసికొని నడుమున దోపుకొని, బరిలోనికి నడచెను.

మన ఊళ్ళలో గట్టుల మీద నిలిచిన బిడ్డలందరును అట్టి ఒక పిలుపు కొరకు ఎదురుచూచుచున్నారు. రేపటి సాయంకాలము పంటలు వేసికొనునప్పుడు వారి చేతిని కూడ కలుపుడని మీ ఊరి పిల్లలకు చెప్పుడు.